జంటరాళ్ల దగ్గర వీపు ఫొటో

1968లో ఉప్పల్ చౌరస్తాలోని మా ఫొటో స్టూడియోకు సొంత సముద్రం ఉండేది. గుడ్డ మీద పెయింటుతో వేసిన సముద్రం. వేసినాయన జన్మలో సముద్రం చూడలేదు కాబట్టి అలలన్నీ నాగలి చాళ్లలా వరుసగా ఉండేవి. ఇలా వెనక వేలాడదీసే తెరను మా పనిలో బ్యాక్‌డ్రాప్ అంటారు. దాని ముందు నిలబడ్డ కొత్త జంటలెవరూ తడవలేదు గనుక ఫిర్యాదులూ లేవు.

మొదటి ఫిర్యాదు నూకరత్నం వదినది. నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసే యాదగిరన్న భార్య. అన్న ఒకప్పుడు విశాఖ రేవులో పనికి పోయి, భీమిలి దారిలోని ఒక జాలరిపేట పిల్లను పెళ్లి చేసుకుని వచ్చాడు. ఆమె తల్లికి ఇష్టం లేదు. "నీ మొగం సూడను, నా మొగం నీకు సూపించను" అని ఒట్టు పెట్టుకుంది. ఆ తర్వాత కబురు లేదు. ఇప్పుడు వదినకు ఏడో నెల.

"ఇదేటి, సముద్రమా?" అని తెరను చూసి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆపేసింది. నేను ఒక పెళ్లి ఫొటోలకు విశాఖ పోతున్నానని అన్న చెప్పాడట.

"బాబూ, మా పేట కాడ జంటరాళ్లుంతాయి. ఆటి మధ్యన పొద్దు పొడుత్తాది. అదొక్కటి తీసుకురా. కానుపుకి ముందు ఓపాలి సూసుకుంతాను. మాయమ్మకి మాత్రం నా పేరు సెప్పకు."

"రాళ్లే గద వదినా, మన ఉప్పల్‌ల గుట్టలకు గుట్టలున్నయి" అన్నాను. ఆమె నవ్వలేదు. నా జోకు పండలేదంటే విషయం పెద్దదని అర్థం.

పెళ్లయిన మర్నాడు చీకటితోనే ఆ రాళ్లు ఎక్కాను. వానాకాలం. నాచు మీద ఒక కాలు భీమిలికి, ఇంకో కాలు విశాఖకు ప్రయాణం కట్టాయి. స్టాండు నిలబెట్టి, అలవాటు కొద్దీ సముద్రంతో "రెడీ, కదలొద్దు" అన్నాను. ఒక అల వచ్చి లెన్సుకు స్నానం చేయించింది. మబ్బు కమ్ముతోంది, విడుతోంది. ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ముకు ఎంత వెలుతురు ఇవ్వాలన్న లెక్క, వేసిన ప్రతిసారీ తప్పుతోంది.

"ఎవుడ్రా నువ్వు? జారిపోతే నిన్ను ఎతకనేక మావోళ్లు సావాల!"

వెనక్కి తిరిగాను. చేపల తట్టతో ఒక పెద్దావిడ. ఆ ముక్కు అచ్చం నూకరత్నం వదినదే.

"ఫొటో తీస్తున్నమ్మా. కస్టమర్ అడిగిన్రు."

"ఏ ఊరు కస్టమరు?"

"నాచారం. హైదరాబాదు దగ్గర."

ఆమె జంటరాళ్ల వైపు చూసింది. తట్ట కింద దించి, "ఒంట్లో బాగుందా?" అంది. ఎవరికని నేను అడగలేదు.

"ఏడో నెల" అన్నాను. వదిన పేరు చెప్పొద్దంది గానీ నెల చెప్పొద్దనలేదు.

ఆమె తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజు సూర్యుడూ మబ్బుల్లోనే ఉండిపోయాడు.

మర్నాడు నాకంటే ముందే వచ్చింది. కొత్త కోక, సిగలో పూలు. నేరుగా పోయి రెండు రాళ్ల మధ్య, సముద్రం వైపు తిరిగి నిలబడింది.

"అమ్మా, జర ఇటు సూడు!"

"సూడను. మొగం సూపించనని ఒట్టేసినాను. ఈపుకి ఒట్టు నేదు. తియ్యి."

నవ్వబోయాను. అప్పుడు చూశాను, ఆమె భుజాలు వణుకుతున్నాయి. కదిలితే ఫొటో చెడుతుందని చెప్పే ధైర్యం రాలేదు. మబ్బు అంచు కొద్దిగా చీలి వెలుగు పడింది. నొక్కేశాను.

తిరిగొచ్చాక వదినకు ఫొటో చేతికిస్తూ, "పొద్దు సరిగ్గ పొడవలేదు వదినా" అన్నాను.

"ఏ పొద్దు?" అంది, కళ్లు ఎత్తకుండా. "పూలెట్టింది సూడు. పెళ్లికి తప్ప పూలెట్టదు మాయమ్మ."

కానుపయ్యాక కూతుర్ని ఎత్తుకుని స్టూడియోకు వచ్చింది. నేను గిలక్కాయ ఆడిస్తుంటే, పాపను భుజాన వేసుకుని అటు తిప్పింది. "ఈపు తియ్యి బాబూ. మాయమ్మకి పంపాల."

"మరి మొఖం?"

"అది కావాలంతే రైలెక్కి రమ్మను."

ఆ ఫొటోను వెనక మా స్టూడియో ముద్ర వేసి పోస్టు చేసిన కొద్ది రోజులకే స్టూడియో గుమ్మంలో ఎండుచేపల మూట దిగింది. వాసన ముందు, మనిషి వెనక. పెద్దావిడ మా తెరను చూసి, "ఇదేటి, పొలమా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నాచారం ఎటేపురా?" అంది.

కెమెరా చేతిలోనే ఉంది. ఈసారి ముఖం నిండుగా ఇటే ఉంది, వెలుతురూ కుదిరింది. అయినా తీయలేదు. దాన్ని ముందు చూడాల్సిన మనిషి నాచారంలో ఉంది.

"ఇటు చూడండి" అనడమే నా విద్య అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా అటు తిరిగితే కాసేపు ఆగుతున్నాను.