మేకు లేని చెట్టు

మనుబోలులో మద్రాసు రోడ్డు పక్కన హెబ్రోను పెట్టినదాన్ని కోతమిల్లు అనడం కాస్త ఎక్కువే. తాటి స్తంభాల మీద రేకుల కప్పు, కింద ఒక ఆయిలింజను, ఒక బల్ల, బల్ల మధ్యలో పళ్ళున్న ఉక్కు చక్రం. అంతే. అయినా 1958లో అది మొదలైన రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఇంజను కాసేపు మొరాయించి అంటుకుంది. హెబ్రోను పెళ్ళికొడుకులాగా తల దువ్వుకుని నిలబడ్డాడు.

అంతకు ముందు అతను గొయ్యిలో బతికిన మనిషి. గొయ్యి మీద అడ్డంగా దుంగ పెట్టి, పైన ఒకడు, కింద ఒకడు నిలబడి ఆరడుగుల రంపం లాగేవాళ్ళు. పైన ముత్యాలయ్య, కింద హెబ్రోను. పైవాడు గీత తప్పకుండా చూస్తాడు, కిందివాడు పొట్టు తింటాడు. కళ్ళలో పొట్టు, చెవుల్లో పొట్టు, మధ్యాహ్నం సద్దిలో కూడా పొట్టే. అందుకే చక్రం తిరగడం చూసినప్పుడల్లా హెబ్రోనుకు కడుపు నిండినట్టుండేది. మిల్లు పెట్టాక ముత్యాలయ్యను వదిలిపెట్టలేదు, ఇంజను దగ్గర పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఏ విషయంలోనూ పేచీ లేదు, ఒక్క దెయ్యాల విషయంలో తప్ప.

ముత్యాలయ్యకు ప్రతి చింతచెట్టు మీదా ఎవరో ఒకరు కనిపించేవాళ్ళు. హెబ్రోనుకు ఆ మాటెత్తితేనే ఒళ్ళు మంట. "ప్రభువు ఎప్పుడో తరిమేసినాడురా వాటిని. నీకింకా కబురందలేదా?" అనేవాడు. హెబ్రోను భార్య రెబెక్కమ్మ ఈ మాట విని నవ్వేది. చర్చిలో ఆడవాళ్ళకు చెప్పుకుని కొంచెం గొప్పలు పోయేది కూడా.

మొదట్లో కలపకు కొదవలేదు. రాపూరు కొండల నుంచి బండ్ల మీద దుంగలు దిగేవి. గూడూరు మైకా షాపులకు పెట్టెలు కావాలి, రైతులకు ద్వారబంధాలు కావాలి. తరవాత కొండ మీద పనులు మారాయి. అడవిలో చెట్లు కొట్టుకునే కూపుల వేలం పాటలు పెద్దవాళ్ళ చేతుల్లోకి పోయాయి. కొట్టేసిన చోటల్లా జామాయిలు మొక్కలు నాటడం మొదలుపెట్టారు. ఒకసారి కొత్తగా వచ్చిన రేంజరు జీపు ఆపి మిల్లు దగ్గర టీ తాగాడు.

"ఇక ముందంతా కాగితమేనయ్యా," అన్నాడాయన. "ఈ జామాయిలు పెరిగితే పేపరు మిల్లుకు పోతుంది. సముద్రం వైపు సరుగుడు పొయ్యిల్లోకి పోతుంది. నీ రంపం ఏం కోస్తుంది?"

"ఊళ్ళల్లో చెట్లుండాయి గదయ్యా," అన్నాడు హెబ్రోను.

ఆయన వెళ్ళిపోయాక ఆ మాట మీదే చాలాసేపు కూర్చున్నాడు. నిజానికి ఇంకో దారి కూడా లేదు. ఆ రోజు నుంచి ఊరూరూ తిరిగి, గట్ల మీద వేపలూ, దొడ్లో మామిళ్ళూ బేరం చేయడం మొదలుపెట్టాడు.

అట్లా తిరుగుతుంటే పద్మనాభయ్యగారి పొలం గట్టు మీది చింతచెట్టు దొరికింది. మాను ఇద్దరు మనుషులు కలిసి పట్టుకున్నా కౌగిలికందేది కాదు. నీడకు వరి ఎదగడం లేదని పద్మనాభయ్యగారికి దాని మీద కోపం. కానీ గొడ్డలి వేసేవాడు దొరక్క అన్నాళ్ళూ ఊరుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి దెయ్యం పట్టినా భూతవైద్యుడు ఆ దెయ్యాన్ని తీసుకొచ్చి ఆ చెట్టుకే కట్టేసేవాడట.

"కొట్టుకుపో నాయనా, నాకు రూపాయి కూడా ఇవ్వబళ్ళేదు," అన్నారు పద్మనాభయ్యగారు.

"వద్దన్నా," అన్నాడు ముత్యాలయ్య. "ఆ చెట్టు నిండా దెయ్యాలుండాయి."

హెబ్రోనుకు ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? ఊరంతా చూస్తుండగా మొదటి దెబ్బ తానే వేశాడు. చెట్టు కూలింది, ఎవరికీ ఏమీ కాలేదు. దుంగలు బండికెక్కించి, వాటి మీద తానే కూర్చుని, దారి పొడుగునా పాట పాడుకుంటూ మిల్లుకు తోలుకొచ్చాడు.

మొదటి దుంగ సగం కోత దాకా బాగానే నడిచింది. ఉన్నట్టుండి చక్రం కెవ్వుమంది. నిప్పురవ్వలు లేచాయి. ఒక పన్ను విరిగి హెబ్రోను చెవి పక్కగా పోయి రేకులో దిగబడింది. ముత్యాలయ్య ఇంజను ఆపేసరికి చక్రం అంచు నుంచి లోపలికి బీట పడింది. దుంగ చీల్చి చూస్తే బెరడు కప్పేసిన మేకులు, చేవ లోపల తుప్పుపట్టి నల్లగా.

"మేకులుండాయని చెప్పొద్దంట్రా?" అని అరిచాడు హెబ్రోను.

"దెయ్యాలుండాయని చెప్పినా గదన్నా."

"దెయ్యాలకూ మేకులకూ ఏంది సంబంధం?"

"మేకు కొడితే గదన్నా దెయ్యం నిలిచేది! పట్టినోళ్ళ జుట్టు చుట్టి మేకు కొట్టకపోతే వైద్యుడికి ఇంకేం పనీ? ఆ మాత్రం తెలీదా నీకు?"

తెలీకపోవడమేం? చిన్నప్పుడు కళ్ళారా చూసినవాడే. అయితే దెయ్యం లేదని తేల్చుకున్న మనిషి, దానితో పాటు మేకును కూడా మనసులోంచి కొట్టేశాడు. ఆ సాయంత్రం ముత్యాలయ్య మీద అరిచినందుకు సిగ్గుపడి, వాడి ఇంటికి వెళ్ళి గుమ్మంలో ఊరికే కూర్చుని వచ్చాడు.

కొత్త చక్రం కొనే తాహతు అతనికి లేదు. బిట్రగుంట రైల్వే షెడ్డులో చేసి రిటైరైన ఫిట్టరు ఒకాయన, బీట పోయేదాకా చక్రాన్ని చుట్టూ చెక్కి, కొత్తగా పళ్ళు తీసి ఇచ్చాడు. చక్రం చిన్నదైంది. దుంగను తిరగేసి రెండు వైపుల నుంచీ కొయ్యాల్సి వచ్చింది.

"ఇంకొకసారి ఇనుము తగిలిందా, ఇక చెక్కడానికి ఏమీ మిగల్దు," అన్నాడు ఫిట్టరు. "మళ్ళా గొయ్యి తవ్వుకోవడమే."

గొయ్యి మాట వింటే హెబ్రోనుకు నోట్లో పొట్టు తగిలినట్టయింది. వయసు నలభై దాటింది, ఇప్పుడు గొయ్యిలోకి దిగితే మళ్ళీ పైకి రాననే అతని భయం.

అప్పటి నుంచి అతను ఏ చెట్టు బేరానికి వెళ్ళినా ముందు ఆ ఊళ్ళో ముసలమ్మల దగ్గర కూర్చునేవాడు. "అవ్వా, ఈ చెట్టుకు ఎవర్నన్నా కట్టినారా? ఏ పక్కన? ఎంత ఎత్తులో?" ముసలమ్మలకు ఇంతకన్నా ఇష్టమైన సంగతి ఉంటుందా? ఏ చెట్టులో ఎవరి కోడలు, ఏ చెట్టులో ఎవరి మరిది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళు. చెప్పిన చోటల్లా ఉలితో తొలిచి మేకు లాగేవాడు. ముత్యాలయ్య పక్కన నిలబడి ముసిముసి నవ్వులు నవ్వేవాడు.

కబురు చర్చికి చేరింది. సంఘం పెద్ద సంజీవరావుగారు బళ్ళో హెడ్మాస్టరు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరిముందూ అడిగారు.

"ఏం హెబ్రోనూ, దెయ్యాల ఆరా తీస్తూ తిరుగుతున్నావంట?"

"దెయ్యాల కోసం కాదండీ, ఇనుము కోసం."

నవ్వులు లేచాయి. సంజీవరావుగారూ నవ్వి ఊరుకున్నారు. కొన్నాళ్ళకు చర్చికి బల్లలు చేయించాలనుకున్నారు. వెనక దొడ్లో పెద్ద వేపచెట్టుంది. ఆ పని హెబ్రోనుకే అప్పజెప్పారు.

"ఈ చెట్టుకు నువ్వెవర్నీ అడగబళ్ళేదు," అన్నారాయన. "మన ఆవరణలోది."

హెబ్రోను తల ఊపాడు. కానీ ఒకసారి కాలినవాడు గదా, కొట్టే రోజు పొద్దున్నే వచ్చి, చర్చిలో అందరికన్నా పెద్దదైన మగ్దలీనమ్మను మాట వరసకన్నట్టు అడిగాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కళ్ళు చెట్టు మీదికి పోయాయి.

"మా పెద్దోడికి ఫిట్సొచ్చినప్పుడు ఒకటి కొట్టించినా నాయనా. తూరుపు పక్క, మొదలు దగ్గర. పాస్టరయ్యకు చెప్పబాకు."

అతను మారు మాట్లాడకుండా తొలిచాడు. ఆమె చెప్పిన చోటే ఉంది. పీకి ఆమె చేతిలో పెడితే, కొంగున మూట కట్టుకుని చరచరా వెళ్ళిపోయింది. హెబ్రోనుకు నవ్వొచ్చింది. ఇక ధైర్యంగా గొడ్డలి తీసుకున్నాడు.

ఇద్దరికీ సద్ది తెచ్చి, అంతసేపూ చూస్తూ నిలబడిన రెబెక్కమ్మ అప్పుడు కదిలింది. క్యారియరు కింద పెట్టి చెట్టు దగ్గరికి వచ్చింది.

"ఇంకొకటుండాదయ్యా," అంది.

"ఎవరిది?"

ఆమె మానుకు అవతలి పక్కకు పోయి, నడుమెత్తున ఒక చోట వేలు పెట్టింది. బెరడు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. మేకు తల కనిపిస్తూనే ఉంది. హెబ్రోను వంగి చూశాడు. అది తన మిల్లులో మైకా పెట్టెలకు కొట్టే మేకు.

"ఎప్పుడు?"

"చక్రం పగిలిన వారం. ఆ చింతలోవి మన మిల్లుకొచ్చి చేరినాయేమోనని." ఆమె వేలు మేకు మీంచి తీయలేదు. "నువ్వు నిద్దర్లో గొయ్యి గొయ్యి అని కలవరిస్తుంటివి. నాకు ఇంకేం తోచలా."

హెబ్రోనుకు కోపం రాలేదు. కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురు చూశాడు కూడా. పైన ఎండుటాకులు రాలుతున్నాయి. పట్టకారు తీసి మేకు తలను పట్టుకున్నాడు. ఒక్క గుంజు చాలు.

"పీకితే ఏమవుద్దంటావు?" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"నాకేం తెలుసు? అది కొట్టినాక మాత్రం చక్రం మళ్ళా పగల్లేదు."

ముత్యాలయ్య అప్పుడన్నా నవ్వుతాడనుకున్నాడు. నవ్వలేదు. తల వంచుకుని తాడు చుట్టుకుంటున్నాడు.

హెబ్రోను ఎప్పుడూ చెట్టును నేలబారుగా కొట్టేవాడు. ఒక్కోసారి మట్టి తవ్వి మరీ కొట్టేవాడు. మొదలు దగ్గరిదే మంచి చేవ అని, జానెడు వదిలినా పాపమని అతని లెక్క. ఆ రోజు మటుకు పట్టకారు సంచిలో పడేసి, మేకుకు పైన బొగ్గుతో గీత గీశాడు.

లెక్కేస్తే ఒక్క బల్లకు తప్ప అన్నిటికీ కలప సరిపోయింది. సాయంత్రం సంజీవరావుగారు వచ్చి నడుమెత్తు మొద్దు చూసి ఆశ్చర్యపోయారు.

"ఇంత ఎత్తు వదిలేశావేంది హెబ్రోనూ? మంచి చేవంతా దీన్లోనే పోయె గదా!"

"కింద ఇనుముందండీ," అన్నాడు హెబ్రోను.