కాటమయ్య జబ్బకు సరిపోయే మిషన్

కాటమయ్య కంటి ఆపరేషన్ మూడోసారి వాయిదా పడింది. రోజూ మాత్ర వేసుకుంటున్నా, ప్రొద్దుటూరు కంటాసుపత్రిలో నర్సు పట్టీ చుట్టినప్పుడల్లా బీపీ నూట ఎనభై దాటుతోంది.

"ఇంట్లో వారం రోజులు రెండుపూటలా చూసి రాసుకురండి. అదుపులో ఉంటేనే ఆపరేషన్" అన్నాడు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు.

కాటమయ్య పెళ్లాం బాలనాగమ్మకు దిగులు పట్టుకుంది. పోయిన నెల ఆమె మొగుడు కళ్లు ఆనక అవతలి పార్టీ వాళ్ల గొర్రెను తన మందలో కలిపి తోలుకొచ్చాడు. పదిహేనేళ్ల కిందటయితే చాపాడు పక్కనున్న వాళ్ల ఊళ్లో అంతమాత్రానికే బాంబులు పడేవి. ఇప్పుడు ఆ ఇంటి కోడలొచ్చి, "పెద్దనాయనకు చూపు ఆన్తాండేట్టు లేదు" అని నవ్వి తోలుకుపోయింది. ఆ నవ్వుకు కాటమయ్య రెండు రోజులు సరిగా తినలేదు. చూపు రాకపోతే మంద అమ్మేస్తానన్నాడు. డెబ్బై గొర్రెలు. అవి పోతే ఇంట్లో కూర్చుని తననే తోలుతాడని ఆమెకు తెలుసు.

ఆసుపత్రి నుంచి ఇద్దరూ నేరుగా కమాల్ బాషా మందుల అంగడికి పోయారు. బాషా మూడు బీపీ మిషన్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి మణికట్టుకు గడియారంలా కట్టుకునేది.

"ఇది బాగుండాది. జోబీలో పడతాది" అన్నాడు కాటమయ్య.

"వద్దన్నా. చెయ్యి కొంచెం దించినా దాని లెక్క తప్పుతాది. జబ్బకు కట్టేదే తీసుకో."

పొట్టేళ్లను ఎత్తి ఎత్తి మొద్దుబారిన జబ్బ అది. రెండో మిషన్ పట్టీ చుట్టూ అందీ అందనట్టు అందింది. నూట తొంభై చూపించింది.

"ఇది కూడా ఆసుపత్రోళ్ల పార్టీనే" అన్నాడు కాటమయ్య.

"ఇరుకు పట్టీ అట్లే ఎక్కువ చూపిస్తాదిలే అన్నా" అని బాషా వెడల్పు పట్టీ ఉన్న మూడోది కట్టాడు. నూట డెబ్బై రెండు. బాషా తల గోక్కున్నాడు.

బాలనాగమ్మ చూపు మిషన్ మీద లేదు, మొగుడి మీద ఉంది. కుర్చీ వీపు వీధి వైపు ఉంది. కాటమయ్య దాని అంచున కూర్చుని, ఒక కాలు బయటికి పెట్టి, మెడ తిప్పి వాకిలి చూస్తున్నాడు. పన్నెండేళ్లు ఒక నాయకుడి జీపు వెంట తిరిగిన మనిషి. జమ్మలమడుగు రోడ్డులో టీ తాగుతూ వాకిటికి వీపు పెట్టి కూర్చున్న అతని జతగాళ్లు ఇద్దరు మళ్లీ లేవలేదు. అప్పట్లో కొట్టుకున్న నాయకులిద్దరూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారు. కాటమయ్య వీపుకు మాత్రం ఆ కబురు అందలేదు. ఇంట్లో అన్నం తినాలన్నా వీపు వెనక గోడ కావాలి. ఆమె కంచం అట్లే పెడుతోంది, ఎవరూ చెప్పకుండానే.

"బాషా, ఆ కుర్చీ గోడకు వెయ్యప్పా. ఆయనకు వాకిలి కనపడాల."

బాషా ఎందుకని అడక్కుండా కుర్చీ జరిపాడు. అతనూ ఈ గొడవల మధ్య పెరిగినవాడే. కాటమయ్య వీపు గోడకు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడొద్దన్నాడు.

"ఈమె పక్కనుండగానా?"

"నేనూ నోరు మూసుకుంటాలే మామా."

నూట నలభై రెండు.

"ఇదే ఇయ్యి" అంది బాలనాగమ్మ. అంకెలు కూడా పెద్దవి. ఆమె చదువు బస్సు నంబర్ల దాకానే, దీనికి అది చాలు.

వారమంతా ఆమే కట్టి, ఆమే రాసింది. ఒకనాడు పొద్దున నూట యాభై ఆరు వచ్చింది.

"అది కొట్టేయ్" అన్నాడు కాటమయ్య.

"ఇష్టమొచ్చినట్టు గుద్దుకునేకి ఇవేమన్నా ఓట్లా? ఉండనీ."

డాక్టరు కాగితం చదివి తల పైకెత్తాడు. "బాగానే ఉందే. మరి ఇక్కడెందుకమ్మా అంత ఎక్కువ వస్తోంది?"

చెప్పాలనుకుంది. పక్కన కాటమయ్య మీసం సర్దుకుంటున్నాడు. జీపు కథ ఈ కుర్ర డాక్టరు ముందు విప్పితే ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలి?

"మీరంటే భయం సార్ ఆయనకు" అంది.

డాక్టరు నవ్వాడు. ఆపరేషన్ బుధవారానికి రాసిచ్చి, ఆ రోజు మిషన్ వెంట తెచ్చుకుని ఆమెనే కట్టమన్నాడు.

కాటమయ్య మెట్లు దిగేదాకా ఓర్చుకున్నాడు. "నాకు భయమా? ఆ పిల్లోణ్ణి చూసి?"

"బుధవారం దాకా భయపడు మామా. ఆ తర్వాత నీ ఇష్టం" అని అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.