ఆంటీకి ఐస్ పెట్టె

కరోనా వచ్చిన రెండో ఏడు, వానలు తగ్గినంక, దోర్నపాల్‌ల రక్తపరీక్షల సర్వేకు నన్ను వేసిన్రు. అప్పుడు నేను మితానిన్‌ను. అంటే ఇల్లిల్లు తిరిగి బాలింతలను, జ్వరాలను చూసుకునే ఆరోగ్య కార్యకర్తను. చదివింది మూడో తరగతి. తెలుగు, గోండి, హిందీ వస్తయని సుక్మా నుంచి వచ్చిన డాక్టరమ్మ నన్ను వెంటబెట్టుకున్నది.

ఈ సర్వే జబ్బున్నోళ్లను పట్టుకుపోయేది కాదు. కరోనా వచ్చిపోతే రక్తంల దాన్ని ఎదిరించిన గుర్తు మిగులుతది, దాని పేరు యాంటీబాడీ. కొందరి రక్తం చూస్తే ఊర్ల ఎంతమందికి వచ్చిపోయిందో అంచనా దొరుకుతది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టే. కాకపోతే మనకు నచ్చిన మెతుకు పట్టొద్దు. చీటీల ఏ ఇల్లు వస్తే ఆ ఇల్లే, ఆ ఇంట్ల చీటీ వచ్చిన మనిషే. వద్దంటే వద్దన్నరని రాయాలె, పక్కింటోళ్లను కూసోబెట్టొద్దు. మనిషికో జత గ్లౌజులు పారేస్తుంటే నా పాణం ఉసూరుమనేది. నూనె కవరు గూడ కడిగి ఆరేసేదాన్ని నేను. కానీ రూలు రూలే.

బస్టాండ్ కాడ మిర్చిబజ్జీలు వేసే లచ్చమ్మకు చీటీ వచ్చింది. డ్రైవర్లు, జవాన్లు అందరు ఆమెను ఆంటీ అనే పిలుస్తరు. సంతనాడు రక్తం ఇస్తనన్నది. సంతకు ముందునాడు లాబ్ పిలగాడు బస్టాండ్ల నిలబడి ఫోన్ల గట్టిగ అరిచిండు: "యాంటీబాడీ కే లియే ఐస్ బాక్స్ భేజో!" ఐస్ పెట్టె పంపున్రి అని.

విన్నోళ్లకు ఆంటీ బాడీ అని వినబడ్డది. ఆంటీ పోయింది, ఐస్ పెట్టె వస్తున్నదని బస్సులెక్కి కబురు పోయింది.

సంతనాడు నూనె కాగింది, పిండి నిండుగ ఉన్నది, కొనేటోడు లేడు. ఒక డ్రైవర్ మాత్రం బంతిపూల దండ పట్టుకొచ్చి, ఆమెను చూసి కొయ్యబారిండు.

"ఏంది వదినా, బతికుండంగనే నన్ను పెట్టెల పెట్టిన్రా?" అని లచ్చమ్మ నా మీదికొచ్చింది. "రక్తం లేదు, ఏం లేదు. పోండ్రి!"

"ఆంటీ, మరి దండ?" అన్నడు డ్రైవర్.

"పారెయ్యకు, బస్సుకు కట్టు" అన్న నేను.

ఆమె కాదంటే ఆ గల్లీల ఎవ్వరు చెయ్యి చాపరు. నలుదిక్కుల మనుషులు కలిసే జాగ లెక్కకు రాదు. ఆమె పిండి సాయంత్రానికి పులుస్తది.

"లచ్చమ్మా, పోయినోళ్లకు రక్తం వస్తదా? నలుగురు చూడంగ ఇయ్యి" అన్న.

చాటుకు తీయాలె గదా అని డాక్టరమ్మ సందేహపడ్డది. "ఈడనే తీయాలె" అని లచ్చమ్మ పొయ్యి పక్కనే స్టూల్ మీద కూసున్నది. పిలగాడు సూది తీసిండు.

"మెల్లగ గుచ్చురా! మిర్చి చీరుతున్న అనుకున్నవా?"

సంతంత నవ్వింది. రక్తం గడ్డకట్టినంక మీద తేలిన పసుపునీళ్లు ఐస్ పెట్టెల పోయినయి. అంతలోపల పిండి గిన్నె ఖాళీ. మాకు ఒక్క బజ్జీ గూడ ఊరికె ఇయ్యలే, అది న్యాయమే. ఆ గల్లీల మరెవ్వరు వద్దనలే.

ఎవరి ఫలితం వాళ్లకే చెప్పాలె. లచ్చమ్మ రక్తంల గుర్తు ఉన్నది. "గదా! నేను మిర్చి ఘాటుకు దగ్గిన అనుకున్న" అని ఊరందరికి ఆమెనే చెప్పుకున్నది.

పని మానేదాక మళ్ల నేను యాంటీబాడీ అనలే. "రోగం వచ్చిపోయిన గుర్తు" అనే చెప్పిన. ఒక్క మాటకు మూడు మాటలు ఖర్చు. కానీ మనిషిని రక్తం అడిగేకాడ మాటలు పొదుపు చెయ్యొద్దు.