స్టార్టర్ మీద నా చెయ్యి

బోరు మోటార్లు బిగించి, బాగుచేసే దుకాణం పెట్టినవాళ్లు ఇప్పటికీ నన్ను సలహా అడుగుతుంటారు. పనివాళ్లను ఎలా నిలుపుకోవాలి, గిరాకీని ఎలా కాపాడుకోవాలి అని. నేను చేసిన తప్పు చెబుతాను. అంతకన్నా పనికొచ్చేది నా దగ్గర లేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో కల్వకుర్తిలో దుకాణం తెరిచాను. వాస్తు, ముహూర్తం బూటకమని అప్పటికే ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఒక రైతు బోరులో ఇద్దరు మెకానిక్‌లు మోటారు దింపినా నీళ్లు రాలేదు. నేను ఇంకో రెండు పైపులు కలిపి లోతుకు దింపాను. వచ్చాయి.

"నీ చెయ్యి మంచిదన్నా!" అన్నాడు రైతు.

కారణం పైపులని నాకు తెలుసు. ఆ మాట గిరాకీ తెస్తుందనీ తెలుసు. నవ్వి ఊరుకున్నాను.

ఇక ఎక్కడ మోటారు దింపినా స్టార్టర్ నేనే నొక్కాలి. పైపులు దింపేది, కేబుల్ అతికేది మొదటి నుంచీ నాతో ఉన్న మెకానిక్, నాకన్నా పనిమంతుడు. అతని పనంతా అయ్యాక ఇంటిల్లిపాదీ నా కోసం కూర్చునేవారు. జ్వరమొచ్చినా, దగ్గరి చుట్టం పోయినా బండి మీద వెళ్లి పచ్చ బటన్ నొక్కి వచ్చేవాణ్ణి. సభలో మూఢనమ్మకాన్ని చీల్చి చెండాడి, తెల్లారితే దాని మీదే బతికేవాణ్ణి.

ఒకరోజు మెకానిక్ అన్నాడు: "అన్నా, గీ ఒక్క మోటరు నేనే ఏస్త. నువ్వు రాకు. కాదంటవా, ఇగ నీకాడ చెయ్య."

"సరే తమ్మీ" అన్నాను.

మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. "ఈ చేనుగల్ల అవ్వ స్టార్టర్ డబ్బాకు అడ్డం కూసున్నది. నువ్వు రాంది ముట్టనియ్యదట."

వెళ్లాను. మడి నెర్రెలు విచ్చి ఉంది.

"అవ్వా, నీళ్లు భూమిలున్నయ్, నా చేతిల లేవు. ఈయన నొక్కినా వస్తయ్."

"రాకుంటే నువ్విస్తవా కొడుకా? అందరియి నువ్వే నొక్కితివి. నా కాడికొచ్చేసరికి సైన్సు చెప్తున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "గా పక్క దుకాణపాయన్ను పిలుద్దాం తియ్" అన్నారెవరో. మెకానిక్ నన్నే చూస్తున్నాడు.

"పైపులు మొయ్యనీకె మంచిగున్న చేతులు, బటన్ కాడికొస్తె ఖరాబైనయా అన్నా?"

అవ్వ అలిగినా, గిరాకీ పోయినా, నేను వెనక్కి తిరిగి వెళ్లిపోవాల్సింది. వంగి నొక్కాను.

నీళ్లు ఎగజిమ్మాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. మెకానిక్ తన పానాలు మాత్రం సంచిలో వేసుకుని, దుకాణం తాళంచెవి నా బండి సీటు మీద పెట్టి, గట్టు మీదుగా నడిచి వెళ్లిపోయాడు. పిలిచాను. తిరగలేదు.

పని అప్పజెప్పేటప్పుడే పేరూ అప్పజెప్పండి. మీది కాని గొప్పను ఎవరైనా మీకు అంటగడితే అక్కడికక్కడే కాదనండి. తర్వాత కాదన్నా ఎవరూ నమ్మరు. అతని తర్వాత ముగ్గురు మెకానిక్‌లు వచ్చారు, పోయారు. ఇవాళ పొద్దున కూడా నేను రెండు చేలకు వెళ్లి బటన్ నొక్కి వచ్చాను.