మనసు డాక్టరు మీద నా ప్రార్థన మనవి

ఆదివారం నుంచీ మన నందిగామ వీధుల్లో తలెత్తుకుని తిరగలేకపోతున్నా. నా నోటికి జడిసి పక్కకి తప్పుకునేవాళ్లే ఇప్పుడు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. ఎందుకో వినండి, నవ్వితే నవ్వండి.

పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టే రేడియోలో వారం వారం వస్తోందే, మనసు డాక్టరు నాటకం, అదీ దీనికి మూలం. "చెప్పండమ్మా, మీ బాధ నాకు చెప్పండి" అంటూ తేనె పూసిన గొంతుతో రహస్యాలు లాగుతాడు. చివరికి రోగి ఇంట్లో పడక్కుర్చీ వాడే ఎక్కి కూర్చుంటాడు, ఆ ఇంటాయన వాడికి విసనకర్రతో విసురుతుంటాడు. ఒళ్లు జలదరిస్తూనే నవ్వొచ్చేది. బడి మొహం అంతగా చూడకపోయినా లైబ్రరీలో మనస్తత్వం పుస్తకాలు నమిలినదాన్ని కదా, వాడి ఎత్తులన్నీ ముందే కనిపెట్టేదాన్ని.

సరిగ్గా అప్పుడే, నాతో ఒకే ఇంట్లో ఉండే మా తమ్ముడి భార్య సుగుణ, తలనొప్పని ప్రతి శనివారం బస్సెక్కి జగ్గయ్యపేట హోమియో డాక్టరు దగ్గరికి వెళ్లడం మొదలెట్టింది. నవ్వు మొహంతో తిరిగొచ్చేది. ఓ రోజు పులుసులో ఇంకాస్త చింతపండు పడాలని నేనంటే, "వద్దు వదినా, ఇవాళ్టికి నా ఇష్టానికి వదిలెయ్" అంది. కాపురానికొచ్చాక ఆ పిల్ల నోట 'వద్దు' అన్న మాట వినడం అదే మొదలు. ఇది సుగుణ మాట కాదు, డాక్టరు మాటే అని తేల్చేసా. నాటకంలోనూ అంతేగా.

ఆదివారం చర్చిలో స్త్రీల కూటంలో పాస్టరమ్మగారు ప్రార్థన మనవులు అడిగారు. లేచి నిలబడ్డా. "మనలో ఓ సహోదరి మనసు జగ్గయ్యపేటలో ఓ డాక్టరు గుప్పిట్లో ఉందండి. ఇంటి గుట్టంతా ఆయన చెవిలో పోస్తోంది. విడుదల కోసం ప్రార్థించండి" అన్నా. పేరు చెప్పలేదు, అంత తెలివి ఉంది. కానీ శనివారం జగ్గయ్యపేట బస్సెక్కేది ఎవరో మా పేటలో అందరికీ తెలుసాయె. తలలన్నీ సుగుణ వైపు తిరిగాయి.

సుగుణ లేచింది. "నాదీ ఓ మనవండీ. నాటకం అయిపోయాక మా వదిన ఇంటికొచ్చి, అన్ని గొంతుకలతో మొత్తం మళ్లీ వినిపిస్తుంది. నా తలనొప్పి అక్కడ మొదలు. ఆ డాక్టరుగారు తీపి మాత్రలిచ్చి, 'వద్దని ఓసారి చెప్పి చూడమ్మా' అన్నారు. ఆయన్ని దేవుడు చల్లగా చూడాలి."

ముందు నవ్వింది పాస్టరమ్మగారే.

ఇంటికొచ్చాక సుగుణ చీరలు సంచిలో సర్దేసింది. "నలుగుర్లో ఆ డాక్టరుగారి పరువు తీసావు వదినా. వెళ్లి క్షమాపణ అడుగు. లేదంటే వీరులపాడు, మా అమ్మ దగ్గరికి పోతా." తమ్ముడు నా వంక కూడా చూడలేదు. ఆ పిల్ల లేకుండా మేమిద్దరం ఆ ఇంట్లో ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటామో అప్పుడు తట్టింది నాకు.

నిన్న జగ్గయ్యపేట వెళ్లా. డాక్టరు ముసలాయన. రెండు ముక్కల్లో తప్పు ఒప్పుకుని వచ్చేద్దామనుకున్నా. "కూర్చో అమ్మా, నింపాదిగా చెప్పు" అన్నాడు.

అంతే. మా నాన్న తాగుడు, తమ్ముడు దొంగచాటుగా కాల్చే చుట్టలు, నా పెళ్లి తప్పిపోయిన వైనం, సుగుణ ఏనాడూ ఆయన దగ్గర ఎత్తని గుట్టంతా నేనే పూస గుచ్చినట్టు చెప్పొచ్చా.

సుగుణ సంచి విప్పుతూ అడిగింది: "డాక్టరుగారు ఏమన్నారు వదినా?"

ఏమంటాడు పాపం, నేను సందు ఇస్తేగా.