తాడు కట్టిన వెనక తలుపు

దుకాణాల మధ్య పెరిగినవాణ్ని. ఏ వస్తువు చూసినా ముందు దాని లోపమే నా కంటపడుతుంది. లోపం దొరికితే ధర దిగుతుంది. శంషాబాద్‌లో బియ్యం బస్తాలు తేవడానికి ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడినప్పుడూ అంతే. దాని వెనక తలుపు గొళ్లెం విరిగితే తాడుతో కట్టారు.

"ఇది బండా, బర్రెల కొట్టమా అన్నా? కిరాయి జర తగ్గించు" అన్నాను.

"బర్రెలు గూడ నీ అంత సతాయించవన్నా. మూడొందలు తగ్గిస్త, ఎక్కు" అన్నాడు డ్రైవర్.

ఏదో కోట గెలిచినట్టు ముందు సీట్లో కూర్చున్నాను. మా నాయన కాలం నుంచి మా దుకాణంలో బస్తాలు మోసే తాత వెనక బియ్యం బస్తాల పక్కన, ఆ తలుపుకే వీపు ఆనించి కూర్చున్నాడు. సాతంరాయి దగ్గర బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడింది. తాడు తెగి తలుపు ఊడింది. తాత రోడ్డు మీద పడ్డాడు, ఆయన మీద రెండు బస్తాలు పడ్డాయి.

దవాఖానలో ఆయన ప్రాణం పోయింది. ఆయన భార్య వచ్చి నా చేయి పట్టుకుంది.

"తలుపు గట్టిగ లేదని ఎవ్వలూ చూడలేదా బిడ్డా?"

గోడ పక్కన కూర్చున్న డ్రైవర్ తల ఎత్తి నా దిక్కు చూశాడు.

"లేదవ్వా" అన్నాను.

ఆమె నమ్మింది. నమ్మి, కొంగుతో నా కండ్లే తుడిచింది.