పట్టికకెక్కని పేరు

కరోనా సెలవులు ముగిసిన ఏడాది వేసవిలో మా కంపెనీ నన్ను పోర్టింగ్ లీడ్‌గా నంద్యాల శాఖకు వేసింది. ఒక యంత్రం కోసం రాసిన ఆటను మరో యంత్రంలో ఆడేలా మార్చడమే పోర్టింగ్. మాకు అప్పగించింది ఒక పాత తుపాకుల ఆట. ఆడేవాడి కళ్లతోనే అంతా కనిపిస్తుంది. అది మొదట కంప్యూటర్లకు విడుదలైంది. తర్వాత టీవీకి తగిలించే వీడియోగేమ్ సెట్లలోకి వెళ్లింది. ఇక సెల్‌ఫోన్‌లోకి రావాలి.

ఆట ఆడి లోపాలు పట్టే టెస్టర్లను ఏజెన్సీ ద్వారా మూడు నెలల కాంట్రాక్టు మీద తీసుకున్నాం. వాళ్లలో గ్రేస్ ఆళ్లగడ్డ అమ్మాయి, టీచరమ్మ కూతురు, రోజూ బస్సులో వచ్చేది. ఏజెన్సీ ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆట పేరు ఉండదు. ఆట చివర వచ్చే పేర్ల పట్టిక ఒక్కటే టెస్టర్‌కు రుజువు. హైదరాబాద్‌లో పర్మనెంట్ ఉద్యోగానికి అదే చూపించుకోవాలని మొదటి వారంలోనే నాతో చెప్పింది. సరేనన్నాను.

మూడో లెవెల్‌లో ఒక గుంత ఉంది. ఫోన్‌లో ఎంత దూకినా దాటలేకపోతున్నామని ఆమె రిపోర్టు రాసింది. ఆడటం చేతకాక రాసిందనుకుని ‘లోపం కాదు’ అని మూసేశాను. నాకంతా తెలుసన్న ధీమా మరి. ఆమె ఇంట్లో పాత కంప్యూటర్ మీద అసలు ఆట ఆడి చూసుకుని, మర్నాడు నా టేబుల్ దగ్గరికొచ్చింది.

“పాతదాంట్లో దాటుతాండా సార్. దీంట్లో పడతాండా. తప్పు నాది కాదు, ఆటది,” అంది.

ఆమె మాటే నిజం. ఎంత ఎత్తు దూకాలన్న లెక్క, తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు మారతాయన్న దానితో ముడిపడి ఉంది. ఫోన్‌లో బొమ్మలు వేగంగా మారేసరికి ఎత్తు తగ్గింది. సరిచేశాం. అలాగే వదిలేసి ఉంటే మా పరువు గంగలో కలిసేది.

కాంట్రాక్టు ముగిసి గ్రేస్ వెళ్లిన కొద్ది రోజులకు ఆట విడుదలైంది. విడుదల నాటికి కొలువులో ఉన్నవాళ్ల పేర్లే వేయడం మా దగ్గర ఆనవాయితీ. లీడ్ ఒక్క మెయిల్ పెడితే వెళ్లిపోయినవాళ్ల పేరూ చేరుస్తారు. పట్టిక నా దగ్గరికి వచ్చినప్పుడు నా పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని ఓకే చేశాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె ఫోన్ చేసింది. “మీ పేరు ఉంది గదా సార్. నాది యాడ?”

అప్‌డేట్‌లో వేయిస్తానన్నాను. పేరు కోసం అప్‌డేట్ కుదరదన్నారు పైవాళ్లు. హైదరాబాద్ వాళ్లు రుజువు అడిగి, లేదనేసరికి వేరేవాళ్లను తీసుకున్నారు. గ్రేస్ ఇప్పుడు బనగానపల్లెలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తోంది.

తర్వాత మా ఫోన్ ఆట నుంచే మరో రెండు పోర్టులు వచ్చాయి. పోర్టు చేసేవాళ్లు పాత పేర్ల పట్టికను ముట్టుకోరు, ఉన్నదున్నట్టు తీసుకుంటారు. రెండింటిలోనూ ఆ గుంత దాటొచ్చు. రెండింటిలోనూ నా పేరే పైన ఉంది. పేర్ల పట్టికను విడుదల వారంలో కాదు, పని మొదలైన రోజే రాయడం మొదలుపెట్టాలని, మనిషి వెళ్లిపోయినా పేరు తీయకూడదని నేర్చుకున్నాను. రిటైరయ్యేలోగా రెండు ఆటలకు అలాగే చేశాను. గ్రేస్‌కు అది దేనికీ పనికిరాలేదు.